రోజూ కోసుకునే రకాలే పెరటికి మేలు

తాడేపల్లిగూడెం: తొలకరి చినుకులు పడి, కాలువలకు నీరు వచ్చే రోజుల్లో పశ్చిమ గోదావరి జిల్లాలోని సంతల్లోను, ఎరువుల కొట్లలోను కూరగాయ విత్తనాల పొట్లాలు దండలుగా వేలాడుతుంటాయి. ఒక్కొక్క పొట్లం మీద ఒక్కొక్క బొమ్మ. నిగనిగలాడే వంకాయ, జానెడు పొడవు బెండకాయ, గుత్తులు గుత్తులుగా టమాటా. బొమ్మ చూసి ముచ్చటపడి కొని, దొడ్లో వేసి, రెండు నెలలు నీళ్లు పోసిన తరువాత చాలా యిళ్లలో మిగిలేది ఆకులు పసుపు పచ్చబడిన బెండ మొక్కలు, పుచ్చు వంకాయలు, పూత రాలిన టమాటా. దొడ్డి మట్టి మంచిది కాదనో, చేతికి మొక్క అచ్చిరాదనో సరిపెట్టుకొని మరుసటి ఏడు ఆ జోలికి పోనివారు ఎందరో వున్నారు.

చాలా దొడ్లలో లోపం మట్టిలో లేదు, చేతిలోనూ లేదు. ఎంచుకున్న రకంలో వుంది. ఆ రకాన్ని వేసిన నెలలో వుంది.

డెల్టా గ్రామాల్లో పొలం అంటే వరి, లేకుంటే చేపల చెరువు. కూరగాయకు మిగిలేది ఇంటి వెనుక దొడ్డి, పొలం గట్టు, కంచె వార. తుపాను వచ్చి నాలుగు రోజులు ముసురు పట్టిందంటే బజారులో కూరగాయ ధర ఒక్కసారిగా పెరుగుతుంది. అప్పుడు కూలి చేసుకునే ఇంట్లో ఆ పూటకు పచ్చడి మెతుకులే గతి. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే లెక్క ప్రకారం ఆంధ్రప్రదేశ్ లో 15 నుంచి 49 ఏళ్ల ఆడవారిలో 58.8 శాతం మందికి రక్తహీనత వుంది. హైదరాబాదులోని జాతీయ పోషకాహార సంస్థ 2024లో ప్రకటించిన ఆహార సూచనలలో మనిషికి రోజుకు 400 గ్రాముల కూరలు, ఆకుకూరలు వుండాలని చెప్పారు. నలుగురున్న ఇంటికి అది రోజుకు 1600 గ్రాములు. అన్ని కూరలు రోజూ కొని వండే ఇల్లు పల్లెల్లో ఎన్ని వున్నాయో వేరే చెప్పనక్కరలేదు. ఒక సెంటు దొడ్డి ఈ లోటు మొత్తాన్ని తీర్చలేదు. అయితే ఆకుకూర, పచ్చిమిరప, బెండ, ఒకటి రెండు పాదుల కాయలు బయట కొనకుండా గడిపించగలదు. రకం సరిగా కుదిరితేనే సుమా.

సంత రకం వేరు, దొడ్డి రకం వేరు

అమ్మకానికి పండించే రైతు కోరుకునేది ఒకటి, ఇంటి ఇల్లాలు కోరుకునేది మరొకటి. రైతుకు కాపు ఒక్కుమ్మడిగా రావాలి. కూలీలను పెట్టి కోయించి లారీ ఎక్కించాలి. కాయలన్నీ ఒకే సైజులో వుండాలి. గంపలో, బస్తాలో వత్తుకున్నా పగలకుండా తోలు దళసరిగా వుండాలి. తెగులు వస్తే మందు కొట్టడానికి అతని దగ్గర స్ప్రేయరు వుంటుంది, పెట్టుబడి వుంటుంది.

దొడ్డికి ఈ లెక్క పనికిరాదు. ఒకే వారంలో పది కిలోల టమాటా పండితే ఇంట్లోవారు తినలేరు, ఇరుగు పొరుగుకు పంచగా మిగిలినవి కుళ్లిపోతాయి. దొడ్డికి కావలసిన మొక్క రోజుకు గుప్పెడు చొప్పున మూడు నాలుగు నెలలు ఇవ్వాలి. నాట్ల రోజుల్లో ఇల్లాలు పొలం పనికి పోయి వారం రోజులు అటు చూడకపోయినా చావకూడదు. పురుగు మందు అవసరం లేకుండా గట్టెక్కాలి. పిల్లలు తిరిగే చోట, కోళ్లు గింజలేరుకునే చోట, బావి పక్కన మందు కొట్టడం ఎంత మాత్రం మంచిది కాదు. పైగా మందు కొట్టిన తరువాత కొన్ని రోజుల పాటు కాయ కోయకూడదు. రోజూ కోసుకునే దొడ్డిలో అది జరిగే పని కాదు.

కొట్లో ఎక్కువగా అమ్ముడుపోయే పొట్లం అడిగితే షాపువారు ఇచ్చేది సాధారణంగా సంత రకమే. అందులో వారి తప్పు లేదు. కొనేవారిలో ఎక్కువమంది అమ్మకానికి పండించేవారే కదా. దొడ్డికని చెప్పి, రకం పేరు పెట్టి అడగాలి.

పేరు చూస్తే పుట్టుక తెలుస్తుంది

పొట్లం మీద పేర్లు వింతగా కనిపించినా వాటిలో ఒక పద్ధతి వుంది. "పూసా" అని మొదలైతే అది ఢిల్లీలోని భారత వ్యవసాయ పరిశోధనా సంస్థ రకం. ఆ సంస్థ 1905లో బీహారులోని పూసా అనే వూళ్లో పుట్టింది. 1934 భూకంపంలో భవనాలు దెబ్బతినడంతో 1936లో ఢిల్లీకి తరలించారు. వూరు మారినా పేరు వెంట వచ్చింది. "అర్క" అంటే సూర్యుడు. అది బెంగుళూరు దగ్గర హెసరఘట్టలోని ఉద్యాన పరిశోధనా సంస్థ రకాలకు పెట్టే పేరు. "కాశీ" అని వుంటే వారణాసి కూరగాయల పరిశోధనా సంస్థది. "కో" అంటే కోయంబత్తూరు, "పి.కె.ఎం." అంటే తమిళనాడులోని పెరియకుళం. మిరపకు "ఎల్.సి.ఎ." అని వుంటే గుంటూరు పక్కన లాం ఫారంలో పుట్టిందని అర్థం. ఇవి చాలావరకు సూటి రకాలు. అంటే మంచి కాయను ముదరనిచ్చి విత్తనం తీసుకుంటే మళ్లీ అదే కాపు వస్తుంది. పొట్లం మీద "ఎఫ్-1" అని గాని, "హైబ్రిడ్" అని గాని వుంటే అది సంకర విత్తనం. దిగుబడి బాగానే వుండవచ్చు. కాని దాని గింజ తీసి మరుసటి ఏడు వేస్తే ఒక్కొక్క మొక్క ఒక్కొక్క తీరుగా కాస్తుంది. ఏటా కొనవలసిందే.

బెండ చెప్పే పాఠం

రకం ఎంపిక ఎంత ముఖ్యమో బెండ చరిత్ర చూస్తే తెలుస్తుంది. బెండకు ప్రాణాంతకమైన తెగులు ఈనెలు పసుపు పచ్చబడడం. కొందరు దీన్ని శంఖు రోగం అంటారు. ముందు లేత ఆకుల ఈనెలు పసుపు పచ్చగా వల అల్లినట్టు కనబడతాయి. తరువాత ఆకంతా పాలిపోతుంది, కాయ తెల్లబడి గిడసబారిపోతుంది. తెల్లదోమ ఒక మొక్క నుంచి మరొక మొక్కకు అంటిస్తుంది. మొక్కకు సోకిన తరువాత నయం చేసే మందు లేదు.

ఈ తెగులును తట్టుకుంటుందని ఢిల్లీ సంస్థవారు "పూసా సావని" రకాన్ని తీసుకువచ్చారు. సావన్ అంటే హిందీలో శ్రావణ మాసం. కొన్నేళ్లపాటు దేశమంతటా దాని హవా నడిచింది. పోను పోను దానికీ తెగులు సోకడం మొదలైంది. అప్పుడు మహారాష్ట్రలోని పర్భణి వ్యవసాయ విశ్వవిద్యాలయంవారు పూసా సావనికి ఒక అడవి బెండతో సంకరం కలిపి, ఆ సంతతి నుంచి ఏరి "పర్భణి క్రాంతి" రకాన్ని 1985 ప్రాంతంలో ఇచ్చారు. బెంగుళూరువారు మరొక అడవి జాతితో కలిపి "అర్క అనామిక", "అర్క అభయ్" అనే రకాలు ఇచ్చారు. ఇవి మూడూ సూటి రకాలే, దొడ్డికి అనువైనవే. వీటికి కూడా అక్కడక్కడా తెగులు కనబడుతున్నది. అయినా పేరు తెలియని గింజతో పోలిస్తే ఎంతో మేలు. పాత అలవాటు కొద్దీ ఇప్పటికీ పూసా సావని అడిగేవారున్నారు. వానాకాలంలో దాన్ని వేస్తే కష్టం వృథా కావచ్చు.

గింజలు రాత్రంతా నీళ్లలో నానబెట్టి, రెండడుగుల ఎడంలో బోదెలు తీసి, అడుగుకొకటి చొప్పున పెట్టాలి. నలభై మొక్కలుంటే రెండు రోజులకొకసారి నలుగురికి ఒక పూట కూర వస్తుంది. పది మొక్కలు వేస్తే ఏనాడూ కూరకు చాలవు. నాలుగు కాయలు చేతిలో పట్టుకొని ఏం చేయాలో తోచక ముదరబెట్టడమే అవుతుంది. విత్తిన 45, 50 రోజులకు కోత మొదలవుతుంది. అవసరం వున్నా లేకున్నా రోజు మార్చి రోజు కోయవలసిందే. ముదురు కాయను మొక్క మీద వదిలితే మొక్క సత్తువ అంతా దాని గింజలకు పోయి పైన పూత తగ్గిపోతుంది. ఆకుల్లో పసుపు వల కనబడిన మొక్కను జాలి పడకుండా ఆనాడే పీకి పాతిపెట్టాలి.

వంగ, మిరప

గోదావరి జిల్లాల్లో వంకాయ లేనిదే వంట లేదు. కాని దొడ్డి పంటల్లో ఓపిక ఎక్కువ కావలసింది కూడా వంగకే. మొవ్వును, కాయను తొలిచే పురుగుకు పూర్తిగా లొంగని రకం ఇంతవరకు మన దొడ్లలో లేదు. మందు కొట్టకుండా వుండాలంటే ఒకటే దారి. వాలిపోయిన మొవ్వ కనబడగానే పురుగు వున్న చోటికి కింద నుంచి తుంచి నిప్పుల్లో వేయాలి. పుచ్చు కాయను పెంట కుప్ప మీద పారేస్తే పురుగు అక్కడే రెక్కలు తెచ్చుకొని తిరిగి దొడ్లోకి వస్తుంది. ఎనిమిది మొక్కలున్న దొడ్లో ఇది రోజుకు అయిదు నిమిషాల పని. ఎకరం వేసిన రైతుకు సాధ్యం కానిది ఇంటివారికి సాధ్యమయ్యేది ఇందుకే.

డెల్టా నల్లమట్టిలో మరొక బెడద వుంది. నిన్నటిదాకా పచ్చగా వున్న మొక్క ఒక మధ్యాహ్నం తలవాల్చి, రెండు రోజుల్లో ఆకు పచ్చగా వుండగానే చచ్చిపోతుంది. ఇది బాక్టీరియా ఎండు తెగులు అవునో కాదో తెలుసుకోవడం తేలిక. కాండం మొదలు నరికి ఆ ముక్కను గాజు గ్లాసులో తేట నీటిలో ముంచి పట్టుకుంటే తెల్లగా పాల దారాల్లాంటివి దిగుతాయి. అవి కనబడితే ఆ చోట రెండు మూడేళ్లు వంగ, టమాటా, మిరప వేయరాదు. మూడూ ఒకే కుటుంబానికి చెందినవి. బెండో, పాదులో వేసుకోవాలి. ఇటువంటి దొడ్లకు ఈ తెగులును తట్టుకునే అర్క నిధి, అర్క కేశవ్, అర్క నీలకంఠ్ రకాలున్నాయి. పూసా పర్పుల్ క్లస్టర్ కూడా కొంత తట్టుకుంటుంది. కాయలు చిన్నవే అయినా గుత్తులుగా కాస్తుంది. తెగులు లేని దొడ్డి అయితే మన రాష్ట్రపు వ్యవసాయ విశ్వవిద్యాలయం ఇచ్చిన భాగ్యమతి, శ్యామల రకాలు గాని, తరతరాలుగా వూళ్లో కాస్తున్న నాటు వంగ గాని వేసుకోవచ్చు. రుచి మాటకు వస్తే నాటు వంగకే ఓటు వేసేవారు ఎక్కువ. ఒక విడత కాపు అయిపోగానే మొక్కలను పీకకుండా, కొమ్మలను సగానికి కత్తిరించి పశువుల ఎరువు వేసి నీరు పెడితే కొత్త చిగుళ్లతో మళ్లీ కాపుకు వస్తాయి.

మిరపలో ఎండుమిరపకు పేరుపడ్డ ఎల్.సి.ఎ.-334 వంటివి పొలం రకాలు. దొడ్డికి కావలసింది రోజూ నాలుగు పచ్చిమిరపకాయలు. అందుకు పూసా జ్వాల బాగుంటుంది. ఇంకా తేలిక కావాలంటే పూసా సదాబహార్. దీని కాయలు గుత్తులుగా ఆకాశం వైపు నిలబడతాయి. కారం ఎక్కువ. జాగ్రత్తగా చూస్తే రెండు మూడేళ్లు బతికి కాస్తూనే వుంటుంది. ఏడెనిమిది మొక్కలుంటే ఇంటికి చాలు.

టమాటా మీద అతి ఆశ వద్దు

అందరూ ముందుగా వేయాలనుకునేది టమాటా. డెల్టా దొడ్లో ఎక్కువగా నిరాశపరిచేది కూడా అదే. రాత్రిళ్లు వేడిగా వుంటే టమాటాకు పూత నిలవదు. వేసవిలో ఎంత నీరు పోసినా పూత రాలిపోవడానికి కారణం ఇదే, దిష్టి తగిలి కాదు. వానాకాలంలో ఎండు తెగులు, ఆకు ముడత. కాబట్టి సెప్టెంబరు, అక్టోబరులో నారు పోసి చలికాలపు కాపు ఒక్కటే చూసుకోవాలి. తుపాను రోజులు కనుక నారుమడిని ఎత్తుగా కట్టి పైన తాటాకు కప్పుకోవాలి. పూసా రూబీ తీగ సాగుతూ పోయే రకం. కర్ర పాతి కట్టుకుంటూ వుంటే కొద్దికొద్దిగా ఎక్కువ రోజులు కాస్తుంది. ఎండు తెగులున్న చోట అర్క ఆభ, అర్క ఆలోక్ వంటివి మేలు.

పాదులే దొడ్డికి లక్ష్మి

నేల తక్కువగా వుండి కంచె, పందిరి, పాక కప్పు వున్న ఇంటికి పాదులను మించిన పంట లేదు. అడుగు నేలలో మొదలు, పైన ఇరవై అడుగుల కాపు. ఆనప పాదు ఒక్కటి చాలు. రెండు పాదులు వేస్తే వూరంతా పంచిపెట్టాలి. పూసా నవీన్, అర్క బహార్ అనే రకాలు నిటారుగా, మధ్యరకం కాయలు కాస్తాయి. ఒక పూటకు ఒక కాయ సరిపోతుంది. బీరలో తెలంగాణలోని జగిత్యాల పరిశోధనా స్థానం పేరు మీద వచ్చిన జగిత్యాల లాంగ్, బెంగుళూరువారి అర్క సుమీత్ పేరుపడ్డవి. కాకరలో అర్క హరిత్ కాయ చిన్నదిగా, చేదు మితంగా వుంటుంది, పిల్లలు కూడా తినగలరు. పూసా దో మౌసమీ పేరుకు తగ్గట్టు వాన, వేసవి రెండు కాలాలకూ పనికి వస్తుంది.

పాదు పూలతో నిండిపోయి కాయ లేదని వాపోయేవారికి రెండు సంగతులు తెలియాలి. మొదట పూసేవన్నీ మగ పూలే. ఆడ పువ్వు కింద చిటికెన వేలంత పిందె ముందే వుంటుంది. వేడి, పొడుగు పగళ్లు వున్నప్పుడు మగ పూలు మరీ ఎక్కువ వస్తాయి. రెండవది, ఆనప, బీర పూలు సాయంత్రం విచ్చుకుంటాయి. ఆ వేళకు తేనెటీగలు గూటికి చేరిపోతాయి. పిందెలు పసుపు పచ్చబడి రాలుతుంటే, పొద్దు గుంకే వేళ మగ పువ్వును కోసి దాని పుప్పొడిని ఆడ పువ్వు మధ్య మెల్లగా అద్దాలి. ఒక పువ్వుతో రెండు మూడు పిందెలకు అద్దవచ్చు. కాకర, దోస పూలు మాత్రం ఉదయమే పూస్తాయి, ఆ పని తేనెటీగలే చూసుకుంటాయి. కాయలు వంకర తిరిగి లోపల పురుగు పడుతుంటే అది పండు ఈగ పని. పిందెకు కాగితం సంచి కట్టాలి. రాలిన కాయను లోతుగా పాతిపెట్టాలి.

ఇక్కడ ఒక హెచ్చరిక అవసరం. ఆనపకాయ ముక్క కొంచెం నాలుక మీద పెట్టి చూస్తే చేదుగా వుంటే, కూర వండినా, రసం తీసినా తినరాదు. వాంతులు, విరేచనాలు పట్టుకొని ప్రాణం మీదికి వచ్చిన సందర్భాలు దేశంలో వున్నాయి. పారేయడమే మార్గం.

దొండకు విత్తనం కొనవద్దు. దొండలో మగ తీగ వేరు, ఆడ తీగ వేరు. గింజ వేస్తే మగదో ఆడదో పూసేదాకా తెలియదు. బాగా కాసే తీగ నుంచి పెన్సిలంత లావు ముదురు ముక్కలు జానెడు పొడవున కోసి నాటితే ఆ తీగ కాపే వస్తుంది. ఒకసారి పందిరి ఎక్కిందంటే ఏళ్ల తరబడి వుంటుంది. కష్టానికి ఫలితం లెక్క వేస్తే దొడ్డి పంటల్లో మొదటి స్థానం దొండకే ఇవ్వాలి.

చిక్కుడు విషయంలో తొందరపాటు పనికిరాదు. మన పందిరి చిక్కుడు పగళ్లు పొట్టివయితే గాని పూయదు. తొలకరికి ముందే వేసినా, శ్రావణంలో వేసినా కాపు చలికాలంలోనే. ముందు వేస్తే తీగ పెరిగి పేనుకు మేతవుతుంది, అంతే లాభం. జూలై, ఆగస్టుల్లో వేస్తే సంక్రాంతి నాటికి బుట్టలకొద్దీ కాయలు, రథసప్తమికి కావలసిన ఆకులు అన్నీ ఇంట్లోనే దొరుకుతాయి. పందిరి లేనివారికి అర్క జయ్, అర్క విజయ్ అనే పొట్టి రకాలున్నాయి. వీటికి పగటి పొడవుతో పని లేదు, ఏ కాలంలోనైనా పూస్తాయి. బొబ్బర్లలో కూరకాయ కోసం పూసా కోమల్, అర్క గరిమ. గోరుచిక్కుడులో కొమ్మలు వేయకుండా ఒకే కాండంతో పెరిగే పూసా నవబహార్, ఈ మూడూ పెద్దగా సేవ అడగనివే.

ఆకుకూరలు

ఇక్కడ ఎంపిక చిక్కే లేదు. తోటకూరలో అర్క సుగుణ కోసిన కొద్దీ చిగురిస్తుంది. 25 రోజులకు మొదటి కోత, మూడు నెలల్లో అయిదారు కోతలు. మొక్కను పీకకుండా కత్తెరతో కోయాలి. పాలకూరలో ఆల్ గ్రీన్ చలికాలంలో అదే పద్ధతిలో ఇస్తుంది. బచ్చలి తీగ ముక్క గుచ్చితే చాలు. గోంగూర ఎర్ర కాడదో, తెల్ల కాడదో ఇంటి రుచిని బట్టి. ఒక్కసారే మడి అంతా చల్లకుండా, పది పదిహేను రోజుల ఎడంలో మడిలో మూడో వంతు చొప్పున చల్లుకుంటే ఆకు తెగకుండా అందుతుంది. ఆకుకూర తిన్న పూట నిమ్మకాయ పిండుకుంటే అందులోని ఇనుము ఒంటికి బాగా పడుతుంది.

ఒకే జిల్లా, మూడు నేలలు

జిల్లా పేరు ఒకటైనా దొడ్లన్నీ ఒకటి కావు. తణుకు, భీమవరం, పాలకొల్లు వైపు బరువైన నల్ల ఒండ్రు. వానాకాలంలో నీరు దిగదు. జానెడు ఎత్తు మడి కట్టకుండా ఏ రకం వేసినా వేరు కుళ్లుతుంది. ఇక్కడి దొడ్లో తూము నీరు పారే చోట చేమ వేస్తే ఇక వెనుదిరిగి చూడనక్కరలేదు. నీరు నిలవని చోట కంద వేసుకోవచ్చు. కొవ్వూరు ప్రాంతపు నాటు కంద నుంచి ఎంపిక చేసిన గజేంద్ర రకం గొంతు దురద పెట్టదు. ఇప్పుడు దేశంలో ఎన్నో రాష్ట్రాల్లో దీన్ని వేస్తున్నారు. కొవ్వూరు 2022 విభజనలో తూర్పు గోదావరికి పోయినా, కంద బచ్చలి కూర మాత్రం ఉభయ జిల్లాలదీను.

తాడేపల్లిగూడెం, వెంకట్రామన్నగూడెం వైపు ఎర్ర గరప నేల. నీరు ఇట్టే దిగుతుంది. ఇక్కడ మునగ బాగా వస్తుంది. 1989లో విడుదలైన పి.కె.ఎం.-1 మునగ గింజ నాటిన ఆరు నెలలకే కాపుకు వస్తుంది. కాపు అయ్యాక మూడడుగుల ఎత్తున నరికితే మళ్లీ చిగురిస్తుంది. ఇదే మునగను డెల్టా పల్లపు దొడ్లో వేస్తే మొదటి ముసురుకే మొదలు కుళ్లుతుంది. అక్కడ మిట్ట చేసి నాటాలి.

నరసాపురం, మొగల్తూరు తీరాన నేల ఇసుక, నీరు ఉప్పు. రొయ్యల చెరువుల పక్కన దొడ్లదీ ఇదే బాధ. ఇక్కడ పాలకూర, గోరుచిక్కుడు కొంత తట్టుకుంటాయి. చిక్కుడు, ఉల్లి వంటివి తట్టుకోవు. వాన నీరు నిలవ చేసుకోగలిగినంత మేర చేసుకొని, మొలక దశలో ఆ నీరే పోయడం మంచిది. మొక్క ఉప్పుకు బెదిరేది చాలావరకు లేత వయసులోనే.

కొనే ముందు, దాచే ముందు

విత్తన చట్టం 1966 నాటిది. దాని ప్రకారం పొట్లం మీద పంట పేరు, రకం పేరు, లాటు నంబరు, పరీక్ష చేసిన తేదీ, మొలక శాతం వుండాలి. మొలక కనీసం బెండకు 65, వంగ, టమాటాకు 70, మిరపకు 60 శాతం. బొమ్మ మాత్రమే వుండి ఈ వివరాలు లేని పొట్లాన్ని ఎంత చవకైనా కొనరాదు. గడువు దాటిన పొట్లం అంతే. ఇంటికి తెచ్చాక పది గింజలు తడి గుడ్డలో చుట్టి నాలుగైదు రోజులు, మిరప, వంగ అయితే పది రోజులు వుంచి చూస్తే ఎన్ని మొలుస్తాయో తేలిపోతుంది. అయిదు కూడా మొలవకపోతే మడి చేసి, నీరు పోసి, నెల పోగొట్టుకోవడం కంటే పొట్లం మార్చుకోవడం నయం. పొట్లం, రసీదు దాచి వుంచాలి. గింజలకు ఎరుపో, నీలమో రంగు వుంటే అది మందు పట్టించినదని గుర్తు. పిల్లలకు, కోళ్లకు అందనీయరాదు.

రకాల గురించి సందేహం వుంటే వెంకట్రామన్నగూడెంలో 2007లో ఏర్పడిన డాక్టర్ వై.ఎస్.ఆర్. ఉద్యాన విశ్వవిద్యాలయంలోను, అక్కడి కృషి విజ్ఞాన కేంద్రంలోను, ఉండి కృషి విజ్ఞాన కేంద్రంలోను అడగవచ్చు. ఏ వూరు, ఏ నేల, నీరు ఉప్పా తీపా అన్నది ముందుగా చెబితే సలహా సరిగా వస్తుంది.

ఒక సెంటు, అంటే సుమారు 48 గజాల దొడ్డికి లెక్క ఇలా వేసుకోవచ్చు. జూన్, జూలైలో బెండ నలభై, వంగ ఎనిమిది, మిరప ఎనిమిది, గోరుచిక్కుడు గాని బొబ్బర గాని రెండు బోదెలు. ఆకుకూరలకు మూడు గజాల పొడవున రెండు మడులు. కంచె మీద ఆనప ఒకటి, బీర రెండు, కాకర రెండు. పందిరికి దొండ, ఆగస్టులో చిక్కుడు. మూల ఒక కరివేపాకు. బెండ అయిపోయిన చోట సెప్టెంబరు, అక్టోబరులో టమాటా, పాలకూర, కొత్తిమీర. జనవరి, ఫిబ్రవరిలో మళ్లీ బెండ, పాదులు. కాలువలు కట్టేసే వేసవిలో బోరు గాని, చెరువు గాని దగ్గర లేనివారు బచ్చలి, దొండ, కరివేపాకు బతికించుకుంటే చాలు, తక్కినవాటికి నీరు మోయడం దండగ.

విత్తనానికి వదిలే కాయను ముందే గుర్తు పెట్టి దానికి రంగు దారం కట్టాలి. లేకపోతే ఎవరో ఒకరు కోసి వండేస్తారు. తెగులు లేని మొక్కకు మధ్య కాపులో వచ్చిన కాయను ఎంచుకోవాలి. అంతా అయ్యాక చివర మిగిలిన గిడస కాయను విత్తనానికి వదిలే అలవాటు మానుకోవాలి. టమాటా, చిక్కుడు, బొబ్బర జాతి చెడకుండా వుంటాయి. బెండ, వంగ, మిరప పక్క రకంతో కొంత కలుస్తాయి కనుక ఒకే రకం వేసిన దొడ్డి నుంచి తీయాలి. ఆనప, బీర అయితే పక్కింటి పాదుతో కూడా కలిసిపోతాయి. ఆడ మొగ్గకు, మగ మొగ్గకు ముందు రోజే గుడ్డ సంచి కట్టి, సాయంత్రం చేత్తో పుప్పొడి అద్ది, మళ్లీ సంచి కట్టి, ఆ కాయను తీగ మీదే ఎండనివ్వాలి. ఎండిన ఆనపకాయను వూపితే లోపల గింజలు గలగలమంటాయి. అప్పుడు కోసి చూరుకు వేలాడగట్టి, గింజ తీశాక నీడన ఆరబెట్టి, పొడి బూడిద కలిపి మూత గట్టిగా వుండే డబ్బాలో పోసి, రకం పేరు, నెల రాసిన చీటీ లోపల వేయాలి.